గ్రానైట్ కోతకు నీళ్లా, మాస్కా?

కుప్పం వైపు గ్రానైట్ కోసేవాళ్లకు మా మాట: ముందు నీళ్లు, తర్వాతే మాస్కు. బ్లేడు రాయిని తాకే చోటే ధార పడితే దుమ్ము లేవకముందే బురదై జారిపోతుంది, పక్కన పనిచేసేవాళ్లూ బతికిపోతారు. చేతి కటింగ్ మిషన్‌కు నిమిషానికి కనీసం అర లీటరు పడాలి. బురదను తడిగా ఉండగానే ఎత్తేయండి, ఎండితే మళ్లీ దుమ్మే. కరెంటు షాక్ కొట్టకుండా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) తప్పనిసరి.

ఎన్‌95 మాస్కు పెట్టుకున్నవాళ్లనే కాపాడుతుంది. గడ్డం ఉంటే అంచుల్లోంచి దుమ్ము దూరుతుంది. తువ్వాలైతే అసలు నమ్మొద్దు: సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) తెచ్చే రేణువులు కంటికి ఆనవు, గుడ్డలోంచి దూరి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అక్కడ పడిన మచ్చ మానదు, టీబీ ముప్పూ పెరుగుతుంది. నీళ్లు పట్టలేని అంచుల పనికి దుమ్ము లాగే వాక్యూమ్ బిగించి, మాస్కూ పెట్టుకోండి.