అనంతపురంలో బోరు మోటారు వైండింగ్ చేయించాలంటే ఈ షాపు

షాపుకు బోర్డు కూడా సరిగ్గా లేదు. అనంతపురం తాడిపత్రి బస్టాండు వైపు సందులో రేకుల షెడ్డు, దాని ముందు కాలిపోయిన మోటార్ల వరస. పేరుతో వెతికితే దొరకదు. "సబ్‌మెర్సిబుల్ వైండింగ్ చేసే అన్న" అని టీ కొట్టు దగ్గర అడిగితే చూపిస్తారు. మాది నార్పల మండలం, నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో. నీళ్లు, మందులు, కరెంటు, మెకానిక్కులు, అన్నీ నేనే చూసుకోవాలి. మోటారును ఆటోలో వేసుకుని ఏ షాపు ముందు దించాలో తెలియక తిరిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. మా ఊరికి కాలువ లేదు, చెట్టు బతకాలంటే బోరే దిక్కు. మా మోటారు 600 అడుగుల లోతులో ఉంటుంది. అది కాలితే స్టాండు కట్టి, పైపులు ఒక్కొక్కటే విప్పుతూ పైకి తీయాలి. రిపేరయ్యాక దించడానికి మళ్లీ అంత పనీ ఉంటుంది. వైండింగ్ ఖర్చు, అంటే మోటారు లోపలి తీగ కొత్తగా చుట్టించే ఖర్చు, ఒకెత్తు, ఈ ఎత్తే కూలీ దించే కూలీ ఒకెత్తు. పిందె మీదున్న చీనీ చెట్టుకు ఏప్రిల్ ఎండలో తడి అందకపోతే కాయ రాలిపోతుంది. మోటారు షాపులో ఉన్నన్నాళ్లూ తోటలోకి వెళ్లాలంటేనే టెన్షన్.

అంతకుముందు ఇంకో చోట చేయించిన వైండింగ్ ఒక సీజను కూడా నిలవలేదు. ఈ అన్న మోటారు విప్పి, కాలిన తీగ ముక్క కత్తిరించి, మైక్రోమీటరుతో కొలిచి నాకు చూపించాడు. ఆ మోటారుకు వేయాల్సిన గేజి (తీగ మందం) కంటే సన్నం. సన్న తీగలో అదే కరెంటు పోతే వేడి ఎక్కువ. ఇది లోపల నీళ్లు నింపే రకం మోటారు కాబట్టి తీగకు ఉండే ప్లాస్టిక్ తొడుగే దానికి రక్ష. వేడికి ఆ తొడుగు మెత్తబడిందంటే షార్టే. నేను ఆ పాత షాపు పేరు చెప్పబోతే ఆపేశాడు. "అది నాకొద్దులేమ్మా. గేజి తప్పు, అంతవరకే" అన్నాడు. పక్క షాపును తిట్టి గిరాకీ తెచ్చుకునే అలవాటు లేకపోవడం నాకు చాలా నచ్చింది.

పాత రాగిని నా ఎదుటే కాటా మీద పెట్టి తూకం చూపించాడు. స్క్రాపు రేటు కట్టి బిల్లులో తగ్గించాడు. చాలాచోట్ల పాత రాగి ఊసే ఎత్తరు. అడిగితే కాలిపోయింది కదా అంటారు. కాలేది పైనున్న తొడుగు, రాగి ఎక్కడికీ పోదు.

ఇక అసలు పని. స్టేటరు (మోటారులో తిరగకుండా ఉండే, తీగ చుట్టే భాగం) కింద ఉతికిన గుడ్డ పరిచి ఉంటుంది. ఈ మోటార్లలో తీగను ఒక వైపు నుంచి గాడిలోకి దూర్చి, రెండో వైపు లాగి, తిప్పి మళ్లీ దూర్చాలి. ఇద్దరు చెరో పక్క కూర్చుని చేస్తారు. అంత పొడవు తీగ నేల మీద దొర్లుతుంటే ఒక్క ఇసుక రవ్వ గీరినా చాలు, తొడుగుకు కంటికి ఆనని గాటు పడుతుంది, అందులోంచి నీళ్లు రాగికి తగులుతాయి. గుడ్డ పరిచేది అందుకే. ఐటీఐ చదివి పనిలో చేరిన పిల్లోడు కూర్చోబోతుంటే అన్న ఏమీ అనకుండా అతని చేతివైపు చూశాడు. పిల్లోడు వెంటనే ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఫోన్ మోగినా ఎవరూ ఎత్తరు. ఒక ఫేజులో చుట్లు తగ్గితే మూడు ఫేజుల ఆంపియర్లూ సమానంగా రావు.

కేబుల్ జాయింటు మాత్రం అన్న ఎవరికీ ఇవ్వడు. రాగి కొసలను బ్లేడుతో గీకి మెరిసేదాకా శుభ్రం చేశాడు. మెలిపెట్టి టంకం వేశాడు. తర్వాత రబ్బరు టేపును సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం మీదకి వచ్చేలా చుట్టాడు. దాని మీద మామూలు టేపు. ఆ జాయింటు ఇక నీళ్లలోనే ఉండాలి. మంచి వైండింగ్ కూడా అక్కడే పాడవుతుందని చెప్పాడు.

పని అయ్యాక స్టేటరును రాత్రంతా నీళ్ల తొట్టెలో ముంచి ఉంచి, పొద్దున మెగ్గర్ పెట్టాడు. మెగ్గర్ అంటే తీగలోంచి కరెంటు బయటికి కారుతోందా లేదా చూసే మీటరు. రెండు ఫేజులు బాగున్నాయి, మూడోదాంట్లో ముల్లు కాస్త తగ్గింది. ఆటో తెచ్చుకుని నిలబడి ఉన్నాను. "నడుస్తుందిలే అన్నా, ఇచ్చేయి, చెట్లు ఎండిపోతున్నాయి" అని బతిమాలాను.

"ఇప్పుడు నడుస్తాదమ్మా. ఎన్నాళ్లో చెప్పలేను. మళ్లీ కాలితే ఎత్తే కూలి నాకు పడదు, నీకే పడుతుంది" అని ఆ ఫేజు తీగంతా లాగేసి కొత్త తీగతో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తీగకు గానీ, రెండోసారి పనికి గానీ పైసా అడగలేదు. నాకు ఆ పూట కోపమే వచ్చింది. కానీ నడిచే మోటారు ఇచ్చి డబ్బు తీసుకుని పంపేసి ఉంటే ఆయన్ను అడిగేవాళ్లు లేరు. 600 అడుగుల కింద కాలిన మోటారుకు కారణం వోల్టేజీ అని చెప్పినా నేను నమ్మేదాన్నే. ఎదుటివాళ్లకు పడే కూలిని తన ఖర్చులాగే లెక్కేసుకోవడం, నా దృష్టిలో పని మీద శ్రద్ధ అంటే ఇదే. మా పక్క ఒళ్లు దాచుకోకుండా కష్టపడేవాళ్లకు కొరత లేదు. ఇలా లెక్కేసుకునేవాళ్లు తక్కువ. ఈయన పొద్దుగూకితే తీగ ముట్టడు, వెలుతురు చాలదంటాడు. గంటలు చూస్తే మిగతా షాపులే ఎక్కువసేపు పనిచేస్తాయి.

దించేముందు మోటారులో మంచినీళ్లు నింపమన్నాడు. ఆన్ చేశాక నీళ్లు తక్కువగా వస్తే తిరగడం రివర్సేమో చూసుకుని రెండు ఫేజులు మార్చమన్నాడు. మా స్టార్టరు ఫోటో చూసి సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, అంటే ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే పరికరం, లేదని గుర్తుపట్టాడు. నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగతా రెండూ దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగుతాయట, అందుకే ముందు అది బిగించుకోమన్నాడు. ఇంకా కెపాసిటరు పెట్టుకోమన్నాడు. ఇవేవీ ఆయన అమ్మడు, సామాను షాపులో కొనుక్కోవాలి.

లోపాలూ చెప్పాలి. బయటి రేటు కంటే ఎక్కువే. ఎండాకాలం మోటార్లు క్యూలో ఉంటాయి, సిఫారసు పనిచేయదు. ఊరికి రాడు, మోటారు మనమే తెచ్చి మనమే తీసుకెళ్లాలి. కూర్చోవడానికి ఒక్క స్టూలు తప్ప ఏమీ లేదు, ఆడవాళ్లకు ఎక్కువసేపు ఉండటం ఇబ్బందే. రేపిస్తానని చెప్పి రేపే ఇస్తాడనుకోవద్దు, మెగ్గర్ ఒప్పుకుంటేనే ఇస్తాడు. అర్జెంటు అంటే వినేవాళ్లు కావాలనుకుంటే వేరే షాపు చూసుకోండి.

వెళ్లేవాళ్లు మోటారు నేమ్‌ప్లేటు ఫోటో తీసుకోండి. బోరు లోతు, పంపు స్టేజీలు, నడిచేటప్పుడు ఎన్ని ఆంపియర్లు తీసుకునేదో కాగితం మీద రాసుకుని వెళ్లండి. అవన్నీ అడుగుతాడు, జవాబు వచ్చేదాకా మోటారు విప్పడు.