‘ఆటో రీట్రై ఉంది సార్’ అంటే నమ్మి ఏడాది డబ్బు ముందే కట్టకండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల హోల్‌సేల్ వ్యాపారం చేసేవాళ్లకి ఈ పోస్టు. యాప్‌లో వచ్చిన ఆర్డర్లు ట్యాలీలోకి (మనం బిల్లులు, లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్), అక్కణ్నుంచి జీఎస్టీ బిల్లులు నమోదు చేసే ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కి వాటంతటవే వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ అంటూ ఒక కంపెనీ వాళ్లు ఆటోనగర్ షాపుల చుట్టూ తిరుగుతున్నారు. ఏడాదికి ఒకేసారి కడితే డిస్కౌంటు అంటారు. కట్టేముందు ఇది చదవండి.

మాది స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. తెనాలి, ఏలూరు, మచిలీపట్నం డీలర్లు యాప్‌లో ఆర్డర్ పెడతారు. ఏదైనా ఫెయిలైతే సాఫ్ట్‌వేరే మళ్లీ పంపుతుంది (ఆటో రీట్రై అంటే అదే), మీరు చూసుకోనక్కర్లేదు అని డెమోలో సేల్స్ అబ్బాయి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మళ్లీ పంపే మాట నిజమే. గొడవంతా అక్కడే వచ్చింది.

తెనాలి డీలర్ ఫోన్ చేసి, “అన్నా, క్లచ్ ప్లేట్లు ఒక్కసారే పంపి బిల్లు రెండుసార్లు వేశారేంటి?” అన్నాడు. ట్యాలీ తీసి చూస్తే అదే పార్టీ, అదే సరుకు, అదే మొత్తం. బిల్లు నంబర్లు మాత్రం పక్కపక్కవి. మొదటిసారి పంపినప్పుడే బిల్లు ట్యాలీలో ఎక్కేసింది. నెట్ నిదానంగా ఉండి, ఎక్కిందన్న జవాబు వాళ్ల సర్వర్‌కి టైముకి చేరలేదు. జవాబు రాలేదు కాబట్టి ఫెయిలైందనుకుని అది మళ్లీ పంపింది. అప్పటికే ఎక్కిందా లేదా అని ఒక్కసారి చూసుకునే పద్ధతే దాన్లో లేదు. మా ట్యాలీలో ఆటోమేటిక్ నంబరింగ్ ఉంది, కొత్త నంబరు వేసి రెండోదాన్ని కూడా తీసుకుంది.

ట్యాలీతో ఆగి ఉంటే తీసేసి ఊరుకునేవాళ్లం. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కదా, ఆ బిల్లు పోర్టల్‌కి కూడా వెళ్లిపోయింది. ఐఆర్ఎన్ (ప్రతి బిల్లుకీ పోర్టల్ ఇచ్చే గుర్తింపు నంబరు) తయారయ్యేది మన జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంటు రకం, బిల్లు నంబరు, ఈ నాలుగింటిని బట్టి. అదే బిల్లు నంబరు రెండోసారి వెళ్తే పోర్టల్ 2150 అనే డూప్లికేట్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఇక్కడ నంబరు మారిపోయింది కాబట్టి దాని లెక్కలో అది వేరే బిల్లు. ఇంకో ఐఆర్ఎన్ ఇచ్చేసింది. పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు. డీలర్ చూసుకుని ఫోన్ చేసేసరికి అదీ దాటిపోయింది. ఇక క్రెడిట్ నోటే (ఎక్కువ వేసిన బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) గతి. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో వెతికి, ఒక్కో పార్టీకి సర్దిచెప్పి రిటర్న్ వేసేసరికి మా అకౌంటెంటు గారికి తల ప్రాణం తోకకొచ్చింది.

దీనికి పూర్తిగా రివర్స్‌లో ఇంకోటి. మచిలీపట్నం ఆర్డరు అసలు ట్యాలీలోకే రాలేదు. యాప్‌లో బ్రేక్ షూ పేరు ఒకలా, ట్యాలీలో ఇంకోలా ఉంది. ఇది ఎన్నిసార్లు పంపినా కుదిరే పని కాదు, మనిషి చూసి పేరు సరిచేయాల్సిందే. సాఫ్ట్‌వేర్ మాత్రం నెట్ పోయినప్పుడు ఏం చేస్తుందో దీనికీ అదే చేసింది. నిమిషంలోపు గబగబా మూడుసార్లు కొట్టి వదిలేసింది. మెయిల్ లేదు, వాట్సాప్ లేదు, డాష్‌బోర్డులో పచ్చ టిక్కు! పని ‘పూర్తయింది’ అట. రాత్రి కుర్రాడు షాపు మూసి సిస్టమ్ ఆపేస్తే కూడా ఇంతే. ట్యాలీ తెరిచి, కంపెనీ లోడై ఉంటేనే 9000 పోర్టు మీద బయటి సాఫ్ట్‌వేర్‌కి జవాబిస్తుంది. నిమిషంలో మూడుసార్లు తలుపు కొడితే తెల్లారి తొమ్మిదింటికి తెరిచే షాపు తెరుచుకుంటుందా?

సపోర్టుకి ఫోన్ చేస్తే ఏది ఎప్పుడు పంపారో చూపే రికార్డులు (లాగ్స్) వారం వరకే ఉంటాయి, పాతవి చూపించలేం అన్నారు. రీఫండ్ అడిగితే ఇప్పటికి చేతులెత్తేశారు. ఇంకో దారుణం, మళ్లీ పంపిన ప్రతిసారీ మా ప్లాన్‌లో డబ్బు కట్టి కొన్న టాస్కుల్లోంచి (ఒకసారి పంపితే ఒక టాస్కు లెక్క) ఒకటి కోసేశారు. అంటే వాళ్ల వల్ల పడిన డబుల్ బిల్లులకి మేమే డబ్బు కట్టాం.

మీ దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తే డెమోలో ఆర్డరు వెళ్తుండగా నెట్ కేబుల్ పీకమనండి. తర్వాత పెట్టించి, ట్యాలీలో ఎన్ని బిల్లులు పడ్డాయో మీరే చూడండి. ఎన్నిసార్లు పంపినా ఒక్కటే పడాలి. అందుకు బిల్లు నంబరు మొదట్లోనే ఒకసారి ఖాయమై, ప్రతి ప్రయత్నంలోనూ అదే వెళ్లాలి (16 అక్షరాలు దాటకూడదు, జీఎస్టీ రూలు). తర్వాత లేని ఐటమ్ పేరుతో ఒక ఆర్డరు పెట్టించండి. అది కారణంతో సహా విడిగా ఒక చోట కనిపించాలి, మీ ఫోన్‌కి మెసేజ్ రావాలి, పేరు సరిచేశాక మళ్లీ పంపే బటన్ ఉండాలి. నెట్ పోయినప్పుడు ఒకటి, రెండు, నాలుగు నిమిషాలు అంటూ ఎడం పెంచుకుంటూ గంటల తరబడి ప్రయత్నిస్తుందా అని అడగండి. నీళ్లు నమిలితే టీ ఇచ్చి పంపించేయండి.

మేం ప్రస్తుతానికి ఎక్సెల్ నుంచే ఎక్కిస్తున్నాం. ట్యాలీలో సేల్స్ బిల్లుల సెట్టింగ్ (వోచర్ టైప్)లో నంబరింగ్ మాన్యువల్‌కి మార్చి, డూప్లికేట్ నంబర్లు రాకుండా ఆపే సెట్టింగ్ ఆన్ చేశాం. ఇప్పటికే ఇలాంటిది వాడుతున్నవాళ్లు 11వ తారీఖున జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేసేలోపు యాప్ ఆర్డర్ల లిస్టుని సేల్స్ రిజిస్టర్ పక్కన పెట్టి పార్టీల వారీగా టిక్కు పెట్టుకోండి. మొత్తం బిల్లుల సంఖ్య మాత్రమే చూస్తే దొరకదు, ఒకచోట రెండు పడి ఇంకోచోట ఒకటి పోతే సంఖ్య సరిపోయినట్టే కనిపిస్తుంది.