నగదు బహుమతితో ఓపెన్ సోర్స్ పని: ఆరేళ్లు వాడాక నా సమీక్ష

2019 చివర్లో మొదటిసారి మా ప్రోగ్రాంలో ఒక బగ్ (తప్పు) సరిచేసినవాళ్లకు 10,000 రూపాయలు ఇస్తానని ప్రకటించాను. నా జీతంలోంచి తీసిన డబ్బే. ఈ ఆరేళ్లలో మరో పదిహేడు బహుమతులు ఇచ్చాను. వేరేవాళ్ల ప్రాజెక్టుల్లో పనిచేసి మూడు తీసుకున్నాను కూడా. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తెలిశాయి కాబట్టి రాస్తున్నాను.

మాది చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా మార్చి పంపొచ్చు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లను, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్. చిక్కడపల్లి, నారాయణగూడ వైపు డీటీపీ చేసేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి చేసిన పని ఇంకా ఆ ఫైళ్లలోనే ఉంది. అందులో ఒక్క మాట కూడా నెట్‌లో వెతికితే దొరకదు. ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు, ఆదివారాలు మియాపూర్‌లో మా ఇంట్లో నలుగురం కూర్చుని రాసేవాళ్లం. ఎవరికీ పైసా లేదు.

ఒత్తుల దగ్గర ఆగిపోయాం. పాత ఫైల్లో 'శక్తి' కంటికి కనిపించే వరసలో ఉంటుంది: ముందు గుడితో కలిసిన 'కి', ఆ తర్వాత కింద తవత్తు. యూనికోడ్‌లో ఒత్తు ముందు రావాలి, గుడి చివర్లో రావాలి. వరస మార్చకపోతే 'శకి్త' అని పడుతుంది. ఆరు నెలలు కదలని ఈ పని, డబ్బు ప్రకటించిన నాలుగు రోజుల్లో కదిలింది. ముగ్గురు కోడ్ పంపారు. ఆ రోజు నిజంగా ఎగిరి గంతేశాను.

తర్వాత చదవడం మొదలుపెట్టాను. మొదటి అబ్బాయి టెస్ట్ ఫైల్లో ఉన్న నలభై పదాలకూ జవాబులు నేరుగా రాసిపెట్టాడు. శక్తి, భక్తి, ముక్తి అన్నీ పాస్. 'రక్తి' ఇస్తే మళ్లీ 'రకి్త'. రెండో అతను నిజాయితీగా చేశాడు, డబ్బు అతనికే ఇచ్చాను. మూడో అమ్మాయి కోడ్ కూడా అంతే బాగుంది, కాకపోతే ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ఆమె మళ్లీ మా వైపు చూడలేదు. ఆమె వారాంతం వృథా చేసింది నేనే. అప్పటి నుంచి పని ఒకరికి అప్పజెప్పి, గడువు ఇచ్చి, ఆ గడువు దాటితేనే ఇంకొకరికి ఇస్తున్నాను. ఈ ఒక్క మార్పుతో సగం గొడవలు తగ్గాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే సంగతి. మా నలుగురిలో వరంగల్ నుంచి వచ్చిన తమ్ముడు ఒకడున్నాడు. అక్షరం నుంచి విడిపోయిన పొల్లులను సరిచేసే భాగం అతనే రాస్తున్నాడు, ఎవరూ అడగకుండానే. నేను దాని మీద కూడా 15,000 ప్రకటించాను, త్వరగా అవుతుందని. అతను ఆపేశాడు. "అక్కా, ఇప్పుడు నేను పూర్తిచేస్తే డబ్బు కోసం చేసినట్టు ఉంటుంది. చేయకపోతే వేరేవాళ్లు తీసుకుంటారు. ఎటూ బాలేదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. 2006లో వలంటీర్లు తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో డంక్‌-ట్యాంక్ పేరుతో ఇద్దరు రిలీజ్ మేనేజర్లకు డబ్బిచ్చారు, కొత్త వెర్షన్ డిసెంబర్‌కి అందాలని. ఊరికే పనిచేస్తున్నవాళ్లలో కొందరికి మనసు కష్టమై పని తగ్గించుకున్నారు. ఆ వెర్షన్ 2007 ఏప్రిల్‌లో వచ్చింది.

డబ్బు పేరెత్తితేనే చెడిపోతుందని నేను అనను. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్, పుస్తకాల పేజీలు కూర్చే తన టెక్ ప్రోగ్రాంలో తప్పు చూపినవాళ్లకు 2.56 డాలర్లతో మొదలుపెట్టి, ఏటా రెట్టింపు చేస్తూ 327.68 దగ్గర ఆపాడు. ఆయన చెక్కు అందుకున్నవాళ్లు చాలామంది దాన్ని బ్యాంకులో వేయకుండా ఫ్రేం కట్టించి పెట్టుకున్నారు. అక్కడ డబ్బు గౌరవంగా అందింది. అది చూసే నేను కూడా ముందు ప్రకటించడం తగ్గించి, మంచి పని వచ్చాక చెప్పకుండా పంపడం మొదలుపెట్టాను. అలా పంపిన ఐదుగురిలో నలుగురు ఇప్పటికీ మాతోనే ఉన్నారు. ముందే ప్రకటించి ఇచ్చినవాళ్లలో మిగిలింది ఒక్కరే.

ఈ మధ్య ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఏఐతో ఐదు నిమిషాల్లో తయారుచేసిన కోడ్ గుట్టలుగా వస్తోంది. బహుమతి ఉన్న చోటికే వస్తుంది, లేని చోటికి రాదు. నెట్ మీద డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ అనే ప్రోగ్రాం ప్రాజెక్టు, 2019 నుంచి నడిపిన బగ్ బౌంటీని (భద్రతా లోపాలు చూపినవాళ్లకు ఇచ్చే నగదు బహుమతి) ఇలాంటి చెత్త రిపోర్టులు భరించలేకే 2026 జనవరితో ఆపేసింది. వచ్చిందంతా చదివే మనిషికి ఎవరూ ఏమీ ఇవ్వరు, అలసిపోయేది మాత్రం ఆ మనిషే. షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ కోసం ఫ్లాస్/ఫండ్ పెట్టి ఏడాదికి 10 లక్షల డాలర్లు నేరుగా ప్రాజెక్టులకే ఇస్తామంది. నాకు అది సరైన దారి అనిపించింది, ఎందుకంటే అక్కడ డబ్బు ఒక్కో బగ్‌కి కాకుండా ప్రాజెక్టును నిలబెట్టేవాళ్లకు చేరుతుంది. మా స్థాయిలో ఇప్పుడు నెలకు 4,000, వచ్చిన కోడ్ చదివి సరిచూసే అమ్మాయికి ఇస్తున్నాం.

పొల్లుల మీద పెట్టిన 15,000 రద్దు చేశాను. ఆ తమ్ముడు సగం రాసిన కోడ్‌ అలాగే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మొన్న ఫోన్ చేసి క్షమించమని అడిగాను. పండక్కి ఊరెళ్లి వచ్చాక ఒకసారి తెరిచి చూస్తానన్నాడు.