మౌంట్ ఆబర్న్: నేల వాలును మన్నించిన శ్మశానవాటిక

అమెరికాలో బోస్టన్ నగరానికి చేరువలో, కేంబ్రిడ్జ్, వాటర్‌టౌన్ ఊళ్ల పొలిమేరలో ఉన్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికకు చాలామంది కవి లాంగ్‌ఫెలో వంటి ప్రముఖుల సమాధులను వెతుక్కుంటూ వెళ్తారు. సమాధుల కంటే ముందు అక్కడ చూడవలసింది నేల అని నా అభిప్రాయం.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బోస్టన్ చర్చి ఆవరణలు శవాలతో నిండిపోయి, ఊరి ఆరోగ్యానికే ముప్పు అన్న భయం పుట్టినప్పుడు, వైద్యుడూ వృక్షశాస్త్రజ్ఞుడూ అయిన జేకబ్ బిగెలో ఊరి వెలుపల చెట్ల మధ్య శ్మశానం ఉండాలని ప్రతిపాదించారు. మసాచుసెట్స్ ఉద్యాన సంఘం పూనికతో 1831లో 72 ఎకరాలలో అది ఏర్పడింది. ఇప్పుడు దాదాపు 175 ఎకరాలకు విస్తరించింది. 1804లో మొదలైన పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానవాటిక దీనికి ప్రేరణే అయినా, అక్కడ రాయిది పైచేయి, ఇక్కడ చెట్టుది.

ఆ తేడాకు కారణం రూపకల్పనే. సంఘం అధ్యక్షుడు హెన్రీ డియర్‌బోర్న్, సర్వేయర్ అలెగ్జాండర్ వాడ్స్‌వర్త్ గుట్టలను చదును చేసి గళ్లు గీయకుండా, నేల వాలును బట్టి దారులను వంపులు తిప్పారు. అందువల్ల ఏ మలుపులోనూ మొత్తం శ్మశానం కంటబడదు. పది అడుగులు వేస్తే ఒక కుంట, మరికాస్త నడిస్తే ఒక లోయ ఎదురవుతాయి. దారులకు చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టారు కానీ, పటం లేకుండా వెళ్లినవారు తిరిగిన చోటే తిరుగుతారు.

బిగెలో అభిరుచి మీద మాత్రం నాకు పూర్తి గురి లేదు. ఆయన గీసిన ఈజిప్టు తరహా ముఖద్వారం, బైబిల్ వాక్యాన్ని నుదుట మోస్తూ, లోపలి తోట సౌకుమార్యానికి పొసగనంత బరువుగా ఉంటుంది. అదే మోజుతో ఆయన మార్టిన్ మిల్మోర్ చేత చెక్కించిన 1872 నాటి గ్రానైట్ స్ఫింక్స్ (సింహం ఒడలు, మనిషి తల గల విగ్రహం) దగ్గర మాత్రం తప్పక ఆగాలి. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో నేలకొరిగిన ఉత్తరాది సైనికుల స్మారకమది. అమెరికా ఐక్యత నిలిచిందనీ, ఆఫ్రికన్ బానిసత్వం నశించిందనీ దాని పీఠం మీద ఒకవైపు ఇంగ్లీషులో, మరోవైపు లాటిన్‌లో చెక్కి ఉంది. విగ్రహం ముఖం నిశ్చలం, అక్షరాలు ఆవేశం.

ప్రవేశ రుసుము లేదు. కేంబ్రిడ్జ్‌లోని హార్వర్డ్ స్క్వేర్ నుంచి బస్సులో వెళ్లవచ్చు. ఇప్పటికీ అంత్యక్రియలు జరిగే చోటు కనుక కుక్కలను తీసుకురావడం, పిక్నిక్ చేసుకోవడం నిషేధం. ఆ కట్టడి నాకు సబబుగానే తోచింది. వలస పిట్టలు దిగే మే నెల మొదట్లో దుర్భిణులు పట్టుకున్నవారే ఎక్కువగా కనిపిస్తారు. శ్మశానంలోనే ఉన్న వాషింగ్టన్ టవర్ తెరిచి ఉంటే ముందు దానిని ఎక్కడం మేలు: 62 అడుగుల ఆ గోపురం పైనుంచి చార్లెస్ నదీ, బోస్టన్ భవనాలూ కనబడతాయి, కిందికి దిగాక ఎటు నడవాలో కూడా తేలుతుంది.