మా ఇంటి గ్యాసు గీజరు: ఏడేళ్ల వాడకంలో తెలిసినవి

తిరుపతిలో మా మేడమీది స్నానాలగదికి నిమిషానికి ఆరు లీటర్ల గ్యాసు గీజరు పెట్టించి ఏడేళ్లయింది. తిరుమల దర్శనానికని బంధువులు దిగినప్పుడు తెల్లవారుజామునే ఏడెనిమిది మందికి వరుసగా వేడినీళ్లు కావాలి. అంతకుముందున్న పదిహేను లీటర్ల కరెంటు గీజరుకు అది సాధ్యమయ్యేది కాదు. దీనితో ఆ ఇబ్బంది పూర్తిగా తీరింది.

ఇందులో నీళ్లు నిలవ ఉండవు. కుళాయి తిప్పగానే లోపలి రబ్బరు పొర నీటి ఒత్తిడికి కదిలి ఒక చిన్న స్విచ్చును నొక్కుతుంది, రెండు పెద్ద బ్యాటరీల శక్తితో నిప్పురవ్వ పుట్టి గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది, మంట మీదుగా వెళ్లే రాగి గొట్టంలో నీరు పారుతూనే వేడెక్కుతుంది. కరెంటు పోయినా స్నానం ఆగదు. ఇరవై లీటర్ల బకెట్టు నీటిని పదిహేను డిగ్రీలు వేడి చేయడానికి నా లెక్కలో సుమారు 35 గ్రాముల గ్యాసు పడుతుంది కాబట్టి, 14.2 కిలోల సిలిండరు దాదాపు 400 బకెట్లకు వస్తుంది.

మొదటి నెలలో మంట అంటుకోవడమే కష్టమైంది. మెకానిక్ బ్యాటరీలు మార్చినా ఫలితం లేకపోయింది. అసలు కారణం మిద్దె మీది ట్యాంకు గీజరుకు అయిదడుగుల ఎత్తులోనే ఉండటం. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) చొప్పున చూస్తే ఆ ఒత్తిడి రబ్బరు పొరను కదిలించడానికి చాలదు. ట్యాంకు కింద నాలుగడుగుల దిమ్మె కట్టించాక సరిపోయింది.

మాది బోరు నీరు, గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే రకం. వేడెక్కిన రాగి గొట్టంలో ఆ సున్నం ఇంకా త్వరగా పేరుకుంటుంది. నీటి ధార ఏడాదికేడాది సన్నబడుతుంటే మొదట కుళాయిని అనుమానించాను. ఇప్పుడు ఏటా ఒకసారి గ్యాసు కట్టేసి, గొట్టంలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గంటసేపు నిలిపి కడిగిస్తున్నాను; నీళ్లు లోపలికి వచ్చేచోటి జల్లెడను నేనే నెలకోసారి శుభ్రం చేస్తాను. మంట నీలంగా కాక పసుపుపచ్చగా కనిపిస్తే బర్నరు రంధ్రాల్లో దుమ్ము చేరిందని అర్థం, ఆ రోజు వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం అమర్చే చోటు. వచ్చిన మనిషి దీన్ని స్నానాలగది లోపలే బిగించాడు, నేను అడ్డు చెప్పలేదు. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. రెండోవారంలో, చలికి వెంటిలేటరు మూసుకుని స్నానానికి వెళ్లిన మా అమ్మ తల తిరుగుతోందంటూ గడియ తీసి గుమ్మంలోనే కూలబడింది. గాలి ఆడని గదిలో మంటకు ఆక్సిజన్ తగ్గితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. గ్యాసు లీకైతే తెలియడానికి కలిపే వాసన ఇక్కడ మనల్ని హెచ్చరించదు. మర్నాడే గీజరును బయటి బాల్కనీ గోడకు మార్పించి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తెప్పించాను. బాల్కనీ లేని ఇంటివాళ్లు కరెంటు గీజరే కొనుక్కోవాలని నా అభిప్రాయం.