ఆన్‌లైన్ వేలంలో బిడ్ వెనక్కి తీసుకునే సౌకర్యం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పాత కెమెరా లెన్సులు నేను దాదాపు అన్నీ ఆన్‌లైన్ వేలాల్లోనే కొంటాను, అక్కర్లేనివి అక్కడే అమ్మేస్తాను కూడా. చాలా ఏళ్లుగా ఇదే పని కాబట్టి రకరకాల సైట్లు చూశాను. ఒకసారి బిడ్ వేస్తే ఇక అంతే అనే సైట్లున్నాయి, షరతులు పెట్టి వెనక్కి తీసుకోనిచ్చేవీ ఉన్నాయి. రెండూ వాడాక నాకు తేలింది ఇది: వేసిన కాసేపటి వరకు వెనక్కి తీసుకోనివ్వాలి, అమ్మేవాళ్లు వస్తువు వివరాలు మారిస్తే ఎప్పుడైనా తీసుకోనివ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు. మనసు మారిందనో, ఇంకోచోట చవగ్గా దొరికిందనో వేలం మధ్యలో వెళ్లిపోయే హక్కు ఉండకూడదు.

దీనికి ఎక్కువమంది చెప్పే జవాబు "నా బిడ్, నా ఇష్టం, వేలం ఇంకా ముగియలేదు కదా" అని. చట్టం కూడా మొదటి నుంచీ అదే మాట చెబుతోంది. ఇంగ్లండ్‌లో 1789లో పేన్ వర్సెస్ కేవ్ కేసులో, సుత్తి దెబ్బ పడకముందు పాటదారు తన పాటను వెనక్కి తీసుకోవచ్చని కోర్టు తేల్చింది. భారతదేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్‌లోనూ అదే ఉంది. కానీ ఈ నియమం పుట్టింది అందరూ ఒకే గదిలో కూర్చుని పాట పాడే వేలాల కోసం. అక్కడ ఎవరెంత పాడారో అందరికీ వినపడుతుంది, ఒకడు వెనక్కి తగ్గితే ఆ క్షణమే అందరికీ తెలుస్తుంది. పైగా అమెరికా వాణిజ్య చట్టం, అంటే యూనిఫాం కమర్షియల్ కోడ్ 2-328, ఇంకో ముక్క చేర్చింది: ఒకరు పాట వెనక్కి తీసుకున్నంత మాత్రాన అంతకుముందు పాడినవాళ్ల పాట మళ్లీ బతకదు. అది చాలా న్యాయమైన ముక్క. నన్ను దాటి ఇంకొకరు పాడారంటే నేను విడుదలైపోయినట్టే.

చాలా ఆన్‌లైన్ వేలాల్లో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. మనం ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం సైటుకి రహస్యంగా చెప్పి ఉంచుతాం, మన తరఫున సైటే అవసరమైనంత మేరకు కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. పై బిడ్ వేసినవాడు తప్పుకుంటే సైటు లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తుంది, కింద పడిపోయిన బిడ్లన్నీ లేచి కూర్చుంటాయి. నాకిది స్వయంగా తగిలింది. ఒక లెన్సు మీద బిడ్ వేశాను, మరొకరు నన్ను దాటేశారు, మిమ్మల్ని దాటేశారంటూ మెయిల్ కూడా వచ్చింది. సరే పోయిందనుకుని అదే లెన్సు వేరే అమ్మకందారు దగ్గర డబ్బు కట్టి కొనేసుకున్నాను. వేలం ముగిసే ముందు ఆ పై బిడ్ వేసినవాళ్లు వెనక్కి తీసుకున్నారు. నేను గెలిచానని, డబ్బు కట్టమని ఇంకో మెయిల్! నన్నెవరూ ఏమీ అడగలేదు, ఇంకా కావాలా అన్న ఒక్క ప్రశ్న కూడా లేదు. అమ్మిన మనిషి మంచివారు కాబట్టి విషయం రాస్తే రద్దు చేశారు, లేకపోతే ఒకే లెన్సు రెండు కొనాల్సి వచ్చేది, లేదా డబ్బు ఎగ్గొట్టినవాడినని నా ఖాతా మీద మచ్చ పడేది. వెనక్కి తీసుకున్నది ఎవరో, ఇరుక్కున్నది ఇంకెవరో. కాబట్టి "నా బిడ్, నా ఇష్టం" అన్న వాదన ఇక్కడ నిలబడదు, ఆ ఒక్క నొక్కుడుతో కదిలేది వాళ్ల బిడ్ ఒక్కటే కాదు.

దీనికంటే పెద్ద నష్టం రహస్యం బయటపడటం. అంకెల్లో చెబితేనే అర్థమవుతుంది. నేను గరిష్ఠంగా 120 పెట్టాననుకోండి. ఇంకొకరు 59 దగ్గర ఆగిపోయారు, పెంపు మెట్టు, అంటే ఒక్కోసారి పెంచాల్సిన కనీస మొత్తం, 1 అయితే నేను 60 దగ్గర ముందున్నాను, నా 120 సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఒకడు వచ్చి 500 కొడతాడు. ధర 120 దాటి ఆగుతుంది, అతను ముందుకొస్తాడు. అంటే నా గరిష్ఠం 120 అని అతనికి తెలిసిపోయింది. వెంటనే అంకె తప్పు పడిందని చెప్పి వెనక్కి తీసుకుంటాడు, ధర మళ్లీ 60కి దిగుతుంది, పైకి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపాగి ఇంకో ఖాతా నుంచి 118 వస్తుంది. 60 చుట్టుపక్కల దొరకాల్సిన వస్తువుకి నేను 119 కడతాను, పైగా గెలిచానని సంతోషిస్తాను కూడా. ఆ ఖాతాలు అమ్మేవాళ్ల మనుషులవైతే ఈ పద్ధతి అచ్చంగా మోసం. వస్తువు నిజంగా కావలసినవాళ్లు కూడా, అవతలివాడి గరిష్ఠం ఎంతో కనిపెట్టడానికి ఇలాగే చేస్తారు. ఏ బిడ్ చరిత్రలోనైనా ఒక పెద్ద అంకె, దాని వెంటే విరమణ, ఆ తర్వాత ముందున్నవాడి గరిష్ఠానికి కాస్త కిందగా ఆగిన కొత్త బిడ్ వరసగా కనిపిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

దీనికి తోడు కూడబలుక్కుని చేసే మోసం ఒకటుంది. ఇద్దరిలో ఒకరు తక్కువకి బిడ్ వేస్తారు, రెండోవాడు ఎవరూ దాటలేనంత పెద్దది వేసి మిగతావాళ్లని బెదరగొడతాడు, చివర్లో తప్పుకుంటాడు, వస్తువు మొదటివాడికి కారుచవకగా పోతుంది. ఇక్కడ నష్టపోయేది అమ్మేవాళ్లు. ఈబే అనే వేలం సైటు పెట్టిన 12 గంటల నియమం ఇలాంటివాటికి బాగానే అడ్డుపడుతుంది: ముగింపుకి 12 గంటల కంటే ఎక్కువ సమయం ఉంటే, తగిన కారణం చూపి తీసుకోవచ్చు, అప్పుడు ఆ వస్తువు మీద మీరు వేసినవన్నీ పోతాయి. ఆఖరి 12 గంటల్లో వేసిన బిడ్ అయితే వేసిన గంట లోపలే తీసుకోవాలి, అదీ ఆఖరిది ఒక్కటే పోతుంది. అంకె తప్పు పడిందని తీసుకుంటే సరైన అంకెతో వెంటనే మళ్లీ వేయాలి. నియమం రాయడంలో బుర్ర పెట్టారు. నా అభ్యంతరం మొదటి సగం మీదే. వారం రోజుల వేలంలో ఆరున్నర రోజులు తలుపు తెరిచే ఉంచినట్టయింది, పైన చెప్పిన 500 నాటకానికి అంత సమయం అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

మరి అసలు వద్దనే సైట్లే మేలా అంటే, అదీ కాదు. ఫోన్‌లో చుక్క పడకపోతే 12.50 కాస్తా 1250 అవుతుంది, ఇది ఎవరికైనా జరిగేదే. రెండో బిడ్ మీద ఒక మెట్టు మాత్రమే కట్టాలి కాబట్టి నిజాయితీగా నడిచే వేలంలో దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేకపోవచ్చు, కానీ దొంగ బిడ్లు వేయించే అమ్మకందారు చేతికి అది చిక్కిందంటే ఇక చెప్పక్కర్లేదు. వేసిన మొదటి కొన్ని నిమిషాలు సరిదిద్దుకునే వీలుంటే ఆ టెన్షన్ తీరిపోతుంది. నిర్ధారణ పేజీలో అంకెని అక్షరాల్లో కూడా చూపించి అడిగితే ఇంకా మంచిది.

వివరాలు మార్చిన సందర్భం వేరు. ఒకసారి లెన్సు "అద్దం శుభ్రంగా ఉంది" అని పెట్టారు, ఫొటోలు కూడా బాగున్నాయి, నేను బిడ్ వేశాను. రెండు రోజుల తర్వాత వివరణ అడుగున ఒక చిన్న వాక్యం చేరింది, వెనక గాజులో కొంచెం ఫంగస్ కనిపిస్తోందని. టార్చి వేసి తీసిన కొత్త ఫొటోలో సాలెగూడు దారాల్లా అంచు నుంచి లోపలికి పాకి ఉంది. లెన్సులు కొనేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, గాజు మీద పూత తినేస్తే తుడిచినా పోదు. చూసిన వెంటనే వెనక్కి తీసుకున్నాను, ఎవరేమన్నా మళ్లీ అదే చేస్తాను. నేను బిడ్ వేసిన వస్తువు అది కాదు. ఇలాంటప్పుడు మనం వెతుక్కుని వెనక్కి తీసుకునేలా కాదు, వివరాలు మారగానే సైటే బిడ్ వేసినవాళ్లందరికీ కబురు పెట్టి, ఉంచాలా తీసేయాలా అని అడగాలి.

అమ్మేవాడిగా కూడా ఆలోచించాను. ఇష్టం లేనివాణ్ణి బిడ్‌కి కట్టేసినంత మాత్రాన డబ్బు రాదు, వాడు గెలిచి కట్టకుండా కూర్చుంటాడు, నేను గడువు దాటేదాకా ఆగి రద్దు చేసి మళ్లీ వేలం పెట్టుకోవాలి. ఈ వాదనలో బలం ఉంది. అందుకే నాకు రాసి అడిగినవాళ్ల బిడ్ నేనే రద్దు చేస్తాను, చాలా సైట్లలో అమ్మేవాళ్లకి ఆ అధికారం ఉంటుంది. బటన్ నొక్కి మాయమవడం కంటే ఇది వేల రెట్లు నయం, ఎందుకంటే కారణం ఒక మనిషికి చెప్పాలి, 500 నాటకం ఆడేవాళ్లు సాధారణంగా అలా రాయరు. అమ్మేవాళ్లే ఆ నాటకంలో ఉంటే మాత్రం ఇదీ పనిచేయదు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

నేను సైట్ల నుంచి కోరేవి పెద్ద పనులేమీ కావు. వెనక్కి తీసుకున్న ఖాతా, సరిదిద్దిన అంకెతో వెంటనే వేయకపోతే ఆ వేలంలో మళ్లీ అడుగుపెట్టకూడదు. గరిష్ఠం బయటపడిన వ్యక్తికి ఆ సంగతి చెప్పి, మార్చుకునే అవకాశం ఇవ్వాలి. కిందపడి మళ్లీ లేచిన బిడ్ దాని యజమాని ఒప్పుకుంటేనే చెల్లాలి.

ఇవి వచ్చేదాకా నేను చేసేది ఒకటే: గరిష్ఠ మొత్తాన్ని ముందే పెట్టను, చివరి నిమిషంలో వేస్తాను, తవ్వి చూసే సమయం ఎవరికీ ఇవ్వను. చివర్లో బిడ్ పడితే గడువు పొడిగించే సైట్లలో ఈ చిట్కా అంతగా పనిచేయదు, వెనకటికి అమెజాన్ నడిపిన వేలాల్లో ఆఖరి 10 నిమిషాల్లో బిడ్ వస్తే సమయం పెరిగేది, అలాంటి చోట ఓపిక కావాలి. వేసే ముందు బిడ్ చరిత్ర తెరిచి విరమణలు చూడండి, ఈబేలో అయితే ఒక్కో బిడ్డర్ 6 నెలల్లో ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నారో అక్కడే కనిపిస్తుంది. ఒకే అమ్మకందారు వస్తువుల మీద ఎక్కువగా తిరుగుతూ ఆ అంకె పెద్దగా ఉన్న ఖాతా కనిపిస్తే, లెన్సు ఎంత నచ్చినా నేను ఆ వేలం జోలికి వెళ్లను.