స్టడీ గ్రూప్ వెంట మూడు ఊళ్లు

హవాయిలో పొద్దున్న ఎనిమిదైతే హైదరాబాదులో రాత్రి పదకొండున్నర. 2022 సెప్టెంబరులో నేను వైకొలోవాలో సముద్రం పక్కన టిఫిన్ ముగించుకుని మీటింగు గదిలోకి వెళ్లేసరికి, మా టీమ్‌లో అమ్మాయి కూకట్‌పల్లిలో పిల్లవాణ్ని నిద్రపుచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అదే మీటింగులో చేరేది. తనకి అమెరికా వీసా లేదు. అప్పట్లో హైదరాబాదులో ఇంటర్వ్యూ తేదీకే ఏడాదికి పైగా ఆగాలి. నాకు కోవిడ్‌కు ముందు తీసుకున్న పదేళ్ల వీసా ఉంది కాబట్టి విమానం ఎక్కగలిగాను.

ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థలో వై-ఫై ప్రమాణాలు రాసే 802.11 వర్కింగ్ గ్రూప్ ఏడాదికి ఆరుసార్లు కూడుతుంది. మార్చి, జులై, నవంబరుల్లో ప్లీనరీ అనే పెద్ద సభ, జనవరి, మే, సెప్టెంబరుల్లో వాటి మధ్యలో వచ్చే ఇంటరిమ్. 2022 సెప్టెంబరు నుంచి ఏడాదిలోపు నేను మూడింటికి వెళ్లాను: వైకొలోవా, బ్యాంకాక్, బెర్లిన్. మూడుచోట్లా వెళ్లింది ప్రధానంగా ఒక్క గది కోసమే. వై-ఫై 7 తర్వాత ఏం రావాలో తేల్చేందుకు అప్పట్లో కొత్తగా పెట్టిన స్టడీ గ్రూప్ అది. పేరు అల్ట్రా హై రిలయబిలిటీ, మేమంతా యూహెచ్‌ఆర్ అంటాం. వేగం పెంచడం చాలా ఏళ్లుగా చేస్తున్నదే. ఈసారి లింకు తెగకుండా, ఆలస్యం కాకుండా ఉండాలన్న పట్టుదలతో మొదలైంది.

స్టడీ గ్రూప్‌లో ప్రమాణం రాయరు. రాయాలా వద్దా, రాస్తే దేనికోసం అన్నది అక్కడ తేలుస్తారు. చివరికి బయటికొచ్చేవి రెండు కాగితాలు. మొదటిది ప్రాజెక్టుకు అనుమతి అడిగే 'పార్'. రెండోది 'సీఎస్‌డీ': దీనికి మార్కెట్ ఉందా, పాతవాటితో పొసుగుతుందా, ఉన్నదాన్నే మళ్లీ చేయడం లేదు కదా, సాంకేతికంగా సాధ్యమా, ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అన్న ప్రశ్నలకు జవాబులు. వర్కింగ్ గ్రూప్‌లో ఓటు కావాలంటే కొన్ని సమావేశాలకు హాజరై సంపాదించుకోవాలి. స్టడీ గ్రూప్‌లో అలా కాదు, హాజరైన ప్రతి ఒక్కరికీ ఓటుంది. నిన్న చేరిన కుర్రవాడి చెయ్యి, ఇరవై ఏళ్లుగా వస్తున్న పెద్దాయన చెయ్యి ఒక్కలాగే లెక్కకొస్తాయి. మోషన్, అంటే తీర్మానం, నెగ్గాలంటే అవుననో కాదనో చెప్పినవాళ్లలో 75 శాతం అవుననాలి. అందుకే ఊళ్లను పోల్చేటప్పుడు నేను ముందు చూసేది ఒకటే. ఆ ఊరికి ఎంతమంది రాగలుగుతున్నారు? రాలేనివాళ్ల మాట గదిలోవాళ్లకి ఎంత బాగా వినపడుతోంది?

వైకొలోవా అందం మాటల్లో పెట్టడం కష్టం. కోనా విమానాశ్రయానికి గోడలే లేవన్నట్టు ఉంటుంది, విమానం దిగి నేరుగా గాలిలోకి వస్తాం. అక్కణ్నించి అరగంటకు పైగా నల్లటి లావా రాళ్ల మధ్య ప్రయాణం. హిల్టన్ వైకొలోవా విలేజ్ ఒక చిన్న ఊరంత ఉంటుంది. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి వెళ్లడానికి ట్రామ్, కాలువలో పడవలు ఉండేవి. నేను ఎక్కువగా నడిచాను, దారి పొడవునా శిల్పాలు, బొమ్మలు పెట్టిన వరండా ఉంది. గది అడిగేటప్పుడు మీటింగు హాళ్లకు దగ్గరి టవర్ అడగండి. పొద్దున ఎనిమిదికి మొదటి స్లాటు అన్నప్పుడు ఆ పది నిమిషాల నడక చాలా తేడా చేస్తుంది. భోజనం దగ్గర ఖర్చు ఎక్కువే, ద్వీపానికి దాదాపు అన్నీ బయటినుంచి రావాల్సిందే. నేను దగ్గర్లోని క్వీన్స్ మార్కెట్‌ప్లేస్‌కు నడిచి వెళ్లి పెరుగు, అరటిపళ్లు, బ్రెడ్డు తెచ్చుకున్నాను. వెంట తీసుకెళ్లిన కందిపొడి, పులిహోర పొడి వారమంతా కాపాడాయి. సాయంత్రం అనేహోమలు తీరంలో కూర్చుంటే ఎదురుగా సూర్యాస్తమయం, వెనక మేఘాలు తొలగితే మౌనా కియా శిఖరం. కుటుంబాన్ని తీసుకెళ్లాలనుకుంటే ఈ మూడింట్లో ఇదే సరైన చోటు. మీటింగుకైతే దీన్ని చివర పెడతాను. హైదరాబాదు నుంచి విమానాలు మారుతూ వెళ్లేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. ఇక రాలేనివాళ్లకి ప్రతి ఉదయపు స్లాటూ అర్ధరాత్రే.

ఈ మీటింగు ఎలా నడుస్తుందో కొత్తగా వెళ్లేవాళ్లకి తెలిస్తే ధైర్యంగా ఉంటుంది. రోజును స్లాట్లుగా విడగొడతారు. ఉదయం ఎనిమిది నుంచి పది ఏఎమ్ 1, పదిన్నర నుంచి పన్నెండున్నర ఏఎమ్ 2. భోజనం తర్వాత పీఎమ్ 1, పీఎమ్ 2, అవసరమైతే రాత్రి ఏడున్నరకు ఇంకొకటి. మీటింగు నడిపే ఛైర్ రాగానే ముందు పేటెంట్ విధానం స్లైడ్లు చూపిస్తారు. ఈ పనికి తప్పనిసరి అయ్యే పేటెంట్ ఎవరిదైనా ఉన్నట్టు తెలిస్తే ఇప్పుడే చెప్పమని అడుగుతారు. ఎవరూ మాట్లాడకపోయినా ఆ ప్రశ్న ప్రతిసారీ అడగాల్సిందే, మినిట్స్‌లో, అంటే సమావేశపు రికార్డులో, పడాల్సిందే. తర్వాత హాజరు ఎవరికి వాళ్లే వెబ్‌సైటులో వేసుకోవాలి. స్లాటు ముగిసేలోపు మరిచిపోతే అది పోయినట్టే, నేను ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను. ఆ పైన ఎజెండా ఆమోదం, వెనకటి మినిట్స్, ఇక ప్రెజెంటేషన్లు.

ఛైర్ నేర్పంతా ప్రశ్నల దగ్గర కనపడుతుంది. గదిలో వందల మంది, ఆన్‌లైన్‌లో ఇంకొందరు. గదిలో ఉన్నా ఇంట్లో ఉన్నా మాట్లాడాలనుకున్నవాళ్లు చాట్‌లో 'క్యూ' అన్న ఒక్క అక్షరం కొడితే వరసలో పేరు పడుతుంది. మంచి ఛైర్ ఆ వరసను తప్పరు. ఎదురుగా మైకు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిని ఒక్క నిమిషం ఆగమని, పదివేల కిలోమీటర్ల అవతలి మనిషిని ముందు పిలుస్తారు. అభిప్రాయం ఎటు ఉందో చూడ్డానికి స్ట్రా పోల్ పెట్టేముందు ప్రశ్న వాక్యాన్ని తెరమీద అందరి ముందూ దిద్దుతారు. ఒక్క పదం కోసం పావుగంట వాదన జరగడం నేను చూశాను, ఆ పావుగంట వృథా అని నాకెప్పుడూ అనిపించలేదు. 'మెరుగుపరచాలి' అని రాస్తే రేపు ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చెప్పుకుంటారు. ఈ ప్రాజెక్టు పార్‌లో అంకెలే పడ్డాయి. వై-ఫై 7తో పోలిస్తే, ఒకే రకం సిగ్నల్ పరిస్థితిలో త్రూపుట్ (నిజంగా అందే డేటా వేగం) 25 శాతం పెరగాలి, 95వ పర్సంటైల్ దగ్గర ఆలస్యం 25 శాతం తగ్గాలి, దారిలో పోయే డేటా ప్యాకెట్ల నష్టం 25 శాతం తగ్గాలి. నాకు బాగా నచ్చింది ఆ 95వ పర్సంటైల్. సగటు బాగుంటే చాలదు, వందలో అయిదుసార్లు ఇబ్బంది పడేవాణ్ని కూడా చూడాలని దాని అర్థం.

ఒక ఊళ్లో మాత్రం మనసు నొచ్చుకుంది. ఊరు పేరు చెప్పను. వేరే గ్రూపు గదిలో ఉన్న నాలుగు మైకుల్లో రెండు పనిచేయలేదు. ముందు వరసలోవాళ్లు మైకు అక్కర్లేదని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. గదిలో మాకు బాగానే వినపడింది. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లకు పావుగంట సేపు ఏమీ తెలియలేదు, చాట్‌లో 'వినపడటం లేదు' అని వరసగా పడుతూనే ఉంది. చివరికి పోల్ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఏ గదికి వెళ్లినా పదిహేను నిమిషాలు ముందే వెళ్లి, ఇంట్లో ఉన్న ఎవరికైనా మెసేజ్ పెట్టి 'నా మాట వస్తోందా' అని అడుగుతాను. ఈ పని ఛైర్ ఒక్కరిదే అనుకోవడం సరికాదు.

నవంబరులో బ్యాంకాక్. హైదరాబాదు నుంచి మూడున్నర గంటలు, మనకంటే గంటన్నర ముందు. మారియట్ మార్క్విస్ క్వీన్స్ పార్క్ హోటల్ సుఖుంవిత్ 22వ సోయిలో (సందులో) ఉంది. పక్కనే బెంజసిరి పార్కు, అయిదారు నిమిషాల నడకలో ఫ్రోమ్ ఫాంగ్ స్కైట్రైన్ స్టేషన్. సరిగ్గా ఆ వారమే నగరంలో ఆసియా-పసిఫిక్ దేశాల అపెక్ శిఖరాగ్ర సదస్సు. అది జరిగే క్వీన్ సిరికిట్ కన్వెన్షన్ సెంటర్ మాకు దూరమేమీ కాదు, ఆ చుట్టుపక్కల రోడ్లు మూసేశారు. కారు మాట మరిచి స్కైట్రైన్ మీద తిరిగితే ఏ బాధా లేదు. రాత్రి ఒక టాక్సీ అతను మీటరు వేయనని భీష్మించాడు, దిగి నడిచాను. శాకాహారులు రెండు మాటలు నేర్చుకోవాలి. 'జే' అంటే మాంసం, చేప తగలని వంట, పసుపు మీద ఎర్ర అక్షరాలతో జెండా ఉంటుంది. 'మై సై నాం ప్లా' అంటే చేప సాస్ వేయొద్దని. కూరగాయల వేపుడు అన్నా అందులో నాం ప్లా పడే అవకాశం ఉంది, అడగాల్సిందే. హోటల్ సిబ్బంది మర్యాద గురించి ఎంత చెప్పినా తక్కువే. గదిలో ప్రతి వరసకీ ప్లగ్ పాయింట్లు, మన ఛార్జరు అడాప్టర్ లేకుండానే పట్టింది. మా టీమ్ అమ్మాయి ఇంటి దగ్గర ఆరున్నరకే కూర్చోవాల్సి వచ్చినా, రాత్రి మాత్రం నిద్రపోయింది. దూరం, ఖర్చు, తిండి, టైమ్ అన్నీ కలిపి చూస్తే నా మొదటి ఓటు బ్యాంకాక్‌కే.

2023 జులైలో బెర్లిన్. ఎస్ట్రెల్ హోటల్, నోయికోల్న్ పేటలో సోన్నెన్అలీ వీధిలో. అప్పటికి 1,125 గదులు, లోపల పెద్ద ఆవరణ, వెనక కాలువ. విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లు ఏబీసీ జోన్ల టికెట్ కొనాలి, ఎక్కేముందు మిషన్లో ముద్ర వేయించాలి. నోయికోల్న్‌లో దిగి రింగు రైలు మారితే ఒకే ఒక్క స్టేషన్. ఆ వీధిలో అరబ్బుల దుకాణాలు, వేడి ఫలాఫెల్, హల్లూమి జున్ను. మనవాళ్లకి తిండికి లోటుండదు. పీఎమ్ 2 ఆరింటికి ముగిసినా రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగే. ఒక సాయంత్రం టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయానికి వెళ్లాను. 2008లో మూసేశారు, ఇప్పుడు ఆ రన్‌వే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటారు. సమావేశపు హోటల్లోనే దిగితే రిజిస్ట్రేషన్ రుసుములో తగ్గింపు ఉంటుంది, బయట చవక గది చూసుకునేముందు ఆ లెక్క వేసుకోండి. బెర్లిన్‌లో ఎనిమిదంటే మనకి పదకొండున్నర, పగటి పదకొండున్నర. ఇంటినుంచి పాల్గొనేవాళ్లకి మూడింట్లోకీ ఇదే సుఖం.

కానీ ఈసారి మా టీమ్ అమ్మాయికి ఆ అవసరం రాలేదు. జర్మనీ వీసా దొరికింది, వాళ్ల అత్తగారు పిల్లవాణ్ని చూసుకుంటానన్నారు. వై-ఫై సిగ్నల్ ఇచ్చే ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు లింకు తెగకుండా ఎలా చూడాలన్నది తన ప్రెజెంటేషన్. ముందురోజు రాత్రి కాలువ పక్కన కూర్చుని రెండుసార్లు చదివి వినిపించింది. ఏఎమ్ 2లో మూడో పేరు తనదే. ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆపగానే చాట్‌లో ఏడు క్యూలు పడ్డాయి, వాటిలో నాలుగు ఆన్‌లైన్ వాళ్లవి. ఛైర్ మొదటి పేరు పిలిచారు. ఎక్కడివాళ్లో తెలియదు, గొంతులో నిద్ర వినపడుతోంది, వాళ్లకది అర్ధరాత్రి అయ్యుంటుంది. మా టీమ్ అమ్మాయి మైకు దగ్గరికి లాక్కుని, "మీకు నా మాట సరిగ్గా వినపడుతోందా?" అని అడిగి, అవునన్నాకే జవాబు మొదలుపెట్టింది.